టిఫిన్ సెంటర్‌కి గ్రీజ్ ట్రాప్: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఓపిక ఉన్నోళ్ళు మిగతాది చదవండి. పెట్టెకి, అంటే అంట్ల నీళ్ళలో జిడ్డు డ్రైనేజీ పైపులోకి పోకుండా ఆపే ఈ గ్రీజ్ ట్రాప్‌కి, నాలుగు స్టార్లు. దాన్ని నెలనెలా క్లీన్ చేస్తామని డబ్బులు పట్టుకెళ్ళిన వాళ్ళకి ఒకటి, అదీ సున్నా ఇచ్చే వీలు లేదు కాబట్టి. వాడేసిన నూనె పట్టుకెళ్ళే వాళ్ళకి నాలుగున్నర, ఆ అర ఎందుకు కోశానో కింద చెప్తా. మాది హైదరాబాద్ మూసాపేటలో టిఫిన్ సెంటర్ అండి, పొద్దున ఆరింటి నుంచి ఇడ్లీ దోశ పూరీ గారె, మధ్యాహ్నం కర్రీ పాయింట్, సాయంత్రం నాలుగు దాటితే పునుగులు మిర్చి బజ్జీ, అంటే బాండీ చల్లారే టైమే ఉండదు, రోజుకి ఇరవై లీటర్ల దాకా నూనె తాగుద్ది మా వంటిల్లు. యూట్యూబ్‌లో చూసి రాస్తున్నది కాదు ఇది, మోచేతి దాకా చెయ్యి పెట్టి రాస్తున్నా.

అసలు ఈ గొడవ మొదలైంది ఒక ఆదివారం పొద్దున. ఆదివారం అంటే తెలుసు కదా, పూరీకి లైను బయట స్కూటర్ల దాకా ఉంటది, సరిగ్గా అప్పుడే షాపు ముందు డ్రైనేజీ చాంబర్ మూత కింద నుంచి నీళ్ళు బుడబుడా పైకి వచ్చినయి, నీళ్ళతో పాటు తెల్లగా ఇడ్లీ పిండిలా ముద్దలు. ప్లేటు చేతిలో పట్టుకున్న మనిషి ఒకసారి ప్లేటు వైపు, ఒకసారి కాళ్ళ దగ్గరికి చూసుకుని ప్లేటు టేబుల్ మీద పెట్టేసి వెళ్ళిపోయాడు, డబ్బులు కూడా అడగలేదు నేను. లైను తీయడానికి వచ్చినతను ఇనప రాడ్డు పెట్టి అరగంట కుస్తీ పట్టి ఒక ముద్ద బయటికి లాగి నా ముందు పడేసి "ఇది మట్టి కాదు సారూ, మీ పూరీ నూనే" అన్నాడు. నమ్మలేదు నేను. నూనె అంటే జారిపోవాలి కదా, ఇదేమో చేత్తో నలిపితే బట్టల సబ్బు ముక్కలా పొడిపొడిగా రాలుతోంది.

తర్వాత తెలిసింది, అది నిజంగానే సబ్బంట. వేడినీళ్ళతో అంట్లు కడిగితే జిడ్డంతా నీళ్ళలా పైపులోకి జారిపోద్ది, చూడ్డానికి సింకు తళతళా ఉంటది, పది పదిహేను అడుగులు పోయాక నీళ్ళు చల్లారి ఆ జిడ్డు పైపు గోడకి పట్టుకుంటది. డిసెంబర్ పొద్దున పామాయిల్ డబ్బా తెల్లగా గడ్డకట్టడం హోటల్ పెట్టినోళ్ళందరూ చూసే ఉంటారు, పైపులో జరిగేదీ అదే. పైగా మరిగి మరిగి ఉన్న నూనెలోంచి కొవ్వు ఆమ్లాలు విడిపోయి ఉంటయి, అవి నీళ్ళలో ఉన్న కాల్షియంతో కలిస్తే గట్టి సబ్బు తయారవుద్ది, మన బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటయో బకెట్లకి పట్టిన తెల్ల చార చూస్తే తెలుస్తది కదా, ఇంక కాల్షియంకి కొదవేముంది. మా అబ్బాయి ఫోన్లో చూపించాడు, 2017లో లండన్‌లో వైట్‌చాపెల్ అనే చోట రోడ్డు కింద ఇలాంటి గడ్డే 250 మీటర్ల పొడవున దొరికిందంట, 130 టన్నులు, దాని ముక్క తీసి మ్యూజియంలో కూడా పెట్టారంట. మాది అంత గొప్పది కాదు గానీ బిల్డింగ్ ఓనర్ గారు మాత్రం మ్యూజియంలో పెట్టిన లెవెల్లోనే తిట్టారు, పై మూడు ఫ్లోర్ల బాత్రూం లైన్లు కూడా దాంట్లోకే కలుస్తయి మరి.

సరే అని మొదట చేసింది అందరూ చేసే తప్పే. ఆన్‌లైన్లో 25 లీటర్ల పెట్టె, 6,200 పడింది, "స్మాల్ హోటల్‌కి సరిపోతుంది సార్" అని సెల్లర్ ఫోన్లో చాలా ధీమాగా చెప్పాడు. సింకు కింద బిగించాం. నాలుగో రోజుకే పెట్టె లోపల ఎంత జిడ్డు ఉందో బయట చాంబర్లోనూ అంతే జిడ్డు. ఇది పని చేయని సరుకు అని తిట్టుకున్నా, తిట్టాల్సింది పెట్టెని కాదని లెక్క వేసుకున్నాక తెలిసింది.

ఆ లెక్క మీకూ పనికొస్తది, చెప్తా. మా సింకు రెండు గుంటలు, ఒక్కోటి 24 ఇంచులు బై 24, లోతు 12, అంటే ఒక్కోటి 113 లీటర్లు, రెండూ కలిపి 226. నిండా పొయ్యం కాబట్టి ముప్పావు వంతు అనుకోండి, 170 లీటర్లు. బిరడా లాగితే రెండు నిమిషాల్లో ఖాళీ అయిద్ది, అంటే నిమిషానికి 85 లీటర్లు పెట్టెలోకి దూకుతున్నయి. ఆ లెక్కన 25 లీటర్ల పెట్టెలో నీళ్ళు ఆగేది పద్దెనిమిది సెకన్లు కూడా లేదు. ఈ పెట్టెలో పెద్ద సైన్సేం లేదండి, నీళ్ళు లీటరు కిలో తూగితే నూనె 910, 920 గ్రాములు తూగుద్ది, కాబట్టి పైకి తేలుద్ది, కానీ తేలడానికి దానికి కాస్త టైమివ్వాలి కదా, పద్దెనిమిది సెకన్లలో ఏం తేలుద్ది, దానికి తోడు మా వాళ్ళు సాంబారు గిన్నె నానబెట్టిన నలభై లీటర్లు ఒక్కసారి ధబాల్న వొంపేస్తే అప్పటిదాకా తేలినదాన్ని కూడా అవతలకి తోసేస్తది. సెల్లర్ ఒక్క మాట అడిగుంటే బాగుండేది, మీ సింకు ఎంత, ఎన్ని గిన్నెలు తోముతారు అని. అడగలేదు. వెనక్కి తీసుకోమంటే "యూజ్డ్ ప్రాడక్ట్ సార్" అన్నాడు.

రెండో పెట్టె బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో దగ్గరుండి చేయించుకున్నా, 100 లీటర్లు, 16,500, నేను నాలుగు స్టార్లు ఇస్తున్నది దీనికే. అక్కడ నేర్చుకున్న సంగతి ఒకటుంది. నేను పెద్ద తెలివిగా జేబులో అయస్కాంతం పెట్టుకెళ్ళా, తొందరగా తుప్పు పట్టని 304 రకం స్టీలుకి అంటుకోదు, నకిలీదైతే అంటుకుంటది అని. షాపాయన నవ్వాడు. చవక రకం 202కీ అంటుకోదు సార్, 304కీ అంటుకోదు, రెండూ ఒకలానే మెరుస్తయి, అయస్కాంతంతో మీరు పట్టుకునేది 430 లాంటి రకాల్నే అన్నాడు. తేడా పట్టేది చుక్కల మందుతో, స్టీలు మీద ఒక చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తే 202 అయితే ఎర్రబడిపోద్ది, 304 అయితే పడదు. నా ముందే వేసి చూపించాడు. 202తో చేస్తే మూడువేల ఐదొందలు తక్కువ అని కూడా ఆయనే చెప్పాడు, వద్దన్నా, ఎందుకంటే అప్పటికే ఆన్‌లైన్ పెట్టెకి వెల్డింగ్ దగ్గర రెండు నెలలు తిరక్కుండానే గోధుమ రంగు చుక్కలొచ్చినయి, దాని స్టిక్కర్ మీద మాత్రం 304 అనే ఉంది. ఉప్పు, చింతపండు పులుపు, వేడి, మూడూ కలిసిన నీళ్ళండి మనవి, ఏ స్టీలుకైనా పరీక్షే.

లోపల మూడు గదులు. మొదటి గదిలో జాలీ బుట్ట, మెతుకులు కరివేపాకు అక్కడ ఆగుతయి. రెండోది పెద్దది, అడ్డంగా రెండు పలకలు, నీళ్ళు పలక కింద నుంచి మాత్రమే దూరి పోవాలి, జిడ్డు పైన ఇరుక్కుంటది. మూడోదాంట్లోంచి బయటికి. నీళ్ళు వచ్చే గొట్టం మూతి దగ్గర చిన్న కన్నమున్న పలక ఒకటి పెట్టాడు, దాంతో సింకు రెండు నిమిషాల్లో కాక నాలుగైదు నిమిషాల్లో ఖాళీ అవుద్ది. ఇది పెట్టించుకోకపోతే 100 లీటర్ల పెట్టె కూడా దండగే. మా అంట్లు తోమే అక్క వారం రోజులు సణిగింది, నీళ్ళు పోవట్లేదు సార్, చేతులు నాని పోతున్నయి అని, తర్వాత అలవాటు పడింది.

ఇప్పుడు ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తా, ఈ రివ్యూ మొత్తంలో ఇది ఒక్కటి చదివినా చాలు. ఈ పెట్టెలు కనిపెట్టినోళ్ళు ఇడ్లీ దోశ తినేవాళ్ళు కాదు. వాళ్ళ లెక్కంతా పైన తేలే జిడ్డు గురించి. మన టిఫిన్ సెంటర్లో పైన జిడ్డు రెండు ఇంచులు తేలేలోపు కింద నాలుగు ఇంచులు పిండి పేరుకుంటది. గ్రైండర్ కడిగిన నీళ్ళు, దోశ పిండి డబ్బాలు, సాంబారు అడుగున పప్పు, గంజి, అన్నీ అడుక్కి పోయి కూర్చుంటయి, కూర్చుని ఊరుకుంటయా, పులుస్తయి. పొద్దున పోసిన పిండి నీళ్ళు సాయంత్రానికి బుడగలొచ్చి, మర్నాటికి మూత తీస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగే కంపు. కొబ్బరి చట్నీ సంగతి ఇంకా వింత, అది పైకీ పోదు కిందికీ పోదు, జిడ్డుతో కలిసి మధ్యలో మీగడలా తెట్టు కడుతుంది.

ఇది కనిపెట్టింది నేను కాదు, అక్క. ఒకరోజు పొద్దున్నే పిలిచింది, "సార్, ఇటు రండి, ఇది నూనె కాదు, మన పిండే" అని అట్లకాడతో అడుగు నుంచి తీసి చూపించింది, అచ్చం మెత్తటి ఇడ్లీ ముద్దలా ఉంది, రంగు మాత్రం సిమెంటు. అప్పటి నుంచి గ్రైండర్ కడిగే నీళ్ళు ఆ పెట్టెలోకి రానివ్వట్లేదు. పాత 25 లీటర్ల పెట్టె ఉంది కదా, వేలాడదీసి ఏం చేసుకుంటా, దాన్ని గ్రైండర్ దగ్గర పిండి పట్టే తొట్టిలా వాడుతున్నాం, రోజూ రాత్రి పూట అడుగు పిండి తీసి తడి చెత్తలో వేస్తే అయిపోయె. మా ఊళ్ళో అయితే ఈ నీళ్ళన్నీ కుడితి తొట్టిలోకి పోయేవి, గేదె తాగేది, సమస్యే లేదు. ఇక్కడ గేదెని ఎక్కడ కట్టెయ్యను. ఇంకోటి, షాపాయన ఇచ్చిన బుట్ట కన్నాలు మరీ పెద్దవి, మెతుకు నిలువుగా పడితే జారిపోతోంది, లోపల ఇంకో సన్న జాలీ అమర్చుకున్నాం. ఒక స్టార్ ఇక్కడే కోసింది.

ఎప్పుడు క్లీన్ చెయ్యాలి అనేదానికి ఒక కొలత ఉంది, పైన జిడ్డూ కింద మడ్డీ కలిపి లోతులో పావు వంతుకి వస్తే తీసెయ్యాలి, అది దాటితే పెట్టె ఉన్నా లేనట్టే. మా పెట్టెలో నీళ్ళ లోతు 16 ఇంచులు, అంటే నాలుగు ఇంచులు. చీపురు పుల్ల నిలువుగా దించి తీస్తే జిడ్డు ఎంతవరకు అంటుకుందో, అడుగున మడ్డి ఎంతుందో పుల్ల మీదే కనపడుద్ది. మొదట్లో నాలుగు రోజులకే పావు వంతు దాటేది. ఇప్పుడు తొమ్మిది పది రోజులు ఆగుతోంది, పెట్టె మారలేదు, మేం మారాం. బాండీలు, కూర గిన్నెలు సింకులో పెట్టేముందు రబ్బరు గరిటెతో గీకి పాత న్యూస్‌పేపర్‌తో తుడవాలి అని రూల్ పెట్టా. మా వంట మాస్టర్ "తుడిచిన గిన్నెని మళ్ళీ తోమడమెందుకు సార్" అని ఎగతాళి చేశాడు, చేసుకోనీ. అలాగే గిన్నెల లిక్విడ్ ఎంత పోస్తే అంత శుభ్రం అనుకునేవాళ్ళం, సబ్బు ఎక్కువైతే నూనె సన్న సన్న చుక్కలుగా విడిపోయి పైకి తేలకుండా నీళ్ళతో పాటు బయటికి పోద్ది, వేడినీళ్ళు మరీ ఎక్కువైనా అంతే. మా నాయనమ్మ బూడిద, కొబ్బరి పీచు పెట్టి తోమేది, ఇవన్నీ తెలిసే చేసిందంటారా, ఏమో.

తీసే టైము తెల్లవారుజామున, షాపు తెరవకముందు. రాత్రంతా చల్లారి జిడ్డు గట్టిపడి ఉంటది కాబట్టి అట్టులా పొరలు పొరలుగా లేస్తది, మధ్యాహ్నం తీస్తే పులుసే. పాత అట్లకాడ, ఒక చిల్లుల గరిటె, మూతున్న బకెట్‌లో కాస్త రంపపు పొట్టు, ఇంతే సామాను. ఇరవై నిమిషాల పని.

ఆ ఇరవై నిమిషాల పని కోసమే ఏఎంసీ, అంటే మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, తీసుకున్నా, ఇప్పుడు దాని కథ. పేరు రాయను, అడక్కండి. నెలకి 1,800, రెండు సార్లు వస్తామన్నారు. యూనిఫాం, గ్లౌజులు, ఒక సక్షన్ మెషిన్, ట్రాలీ ఆటోలో రెండు నీలం డ్రమ్ములు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. మెషిన్ పెట్టి పీల్చారు, నీళ్ళు కొట్టి కడిగారు, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు బిఫోర్, ఆఫ్టర్ అని. మొదటి నెల ఐదు స్టార్లు ఇద్దామనుకున్నా నిజంగా. మూడోసారి వచ్చినప్పుడు పాల ప్యాకెట్ల కోసం నేను వాళ్ళ వెనకాలే సందు చివరికి నడిచా. ఆటో ఆగింది. ఒకబ్బాయి గడ్డపారతో మ్యాన్‌హోల్ మూత లేపాడు, ఇంకొకడు డ్రమ్ము వొంచాడు, మా పెట్టెలోది, ఇంకెవరిదో కలిపి మొత్తం అందులోకే. ఏంది తమ్ముడూ ఇది అన్నా. ఆ పిల్లాడు కంగారు కూడా పడలేదు, "అన్నా, అందరిదీ ఇక్కడే పోస్తం, ఆఫీసోళ్ళు చెప్పిన్రు" అన్నాడు. మా చాంబర్ నుంచి ఆ మ్యాన్‌హోల్‌కి ఎంత దూరమో తెలుసా, నలభై అడుగులు. అంటే నా జిడ్డుని నా పైపులోంచి పోనివ్వకుండా ఆపి, నలభై అడుగులు ఆటోలో ఊరేగించి, అదే లైన్లో కలిపినందుకు నెలకి పద్దెనిమిది వందలు కట్టా నేను. పిల్లల్ని ఏమంటాం, ఆఫీసుకి ఫోన్ చేస్తే "అలా జరగదు సార్, మా డిస్పోజల్ అంతా ప్రాపర్" అని పాఠం అప్పజెప్పింది అమ్మాయి. మానేశా.

కాబట్టి ఇలాంటి సర్వీస్ తీసుకునేవాళ్ళు అడగాల్సింది ఎంతకి చేస్తారు అని కాదు, తీసింది ఎక్కడ పోస్తారు అని. మురుగుశుద్ధి ప్లాంటులో దించినట్టు రసీదు చూపిస్తేనే డబ్బులివ్వండి. మాకు ఇప్పుడు పక్క అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకు కోసం వచ్చే ట్యాంకర్ ఉంది, అతను ప్లాంటు రసీదు చూపిస్తాడు, దాంట్లో మా బకెట్లది కూడా కలిపి తీసుకెళ్తాడు, వచ్చినప్పుడల్లా ఐదొందలు. పెట్టె తీసే పని అక్క చేస్తానంది, కాకపోతే మొహం మీదే చెప్పింది, "అంట్లు తోమేదానికి ఇచ్చేది వేరు సార్, దీనికి వేరే ఇవ్వాలి". న్యాయమే కదా. నెలకి 1,500 అదనం, మోచేతి దాకా వచ్చే గ్లౌజులు, మాస్కు. ఏఎంసీ కంటే శుభ్రంగా ఉంది పెట్టె.

ఒక్క సంగతి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. సింకు కింద పెట్టె వేరు, ఫంక్షన్ హాళ్ళలో, పెద్ద హోటళ్ళలో భూమిలో ఇటుకలతో కట్టిన గుంటలు వేరు. జలమండలి (హైదరాబాద్ నీళ్ళ బోర్డు) వాళ్ళు హోటళ్ళని కట్టుకోమనే సిల్ట్ చాంబర్లు, అంటే మడ్డి ఆపే గుంటలు, కూడా భూమిలోవే. వాటిలోకి మనిషిని దింపొద్దు, "ఐదు నిమిషాలే అన్నా" అన్నా సరే. కుళ్ళిన మడ్డిని కదిలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తది, ఎక్కువైతే దానికి వాసన కూడా తెలియదు, ముక్కు మొద్దుబారిపోద్ది, మనిషి అక్కడే కూలిపోతాడు, తీయడానికి దిగినోడు కూడా. 2013 చట్టం ప్రకారం రక్షణ సామాను లేకుండా మురుగు లైన్లలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దింపడం నేరం, దింపించిన వాళ్ళ మీద కేసు. మెషిన్ ఉన్న ట్యాంకర్‌నే పిలవండి.

మందుల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తా. ఒకాయన 5 లీటర్ల క్యాను అమ్మాడు, ఎంజైమ్ అట, రాత్రి పోస్తే పొద్దునకి జిడ్డు మాయం అని. నిజంగానే మాయమైంది, రెండు వారాల తర్వాత బిల్డింగ్ చాంబర్లో ప్రత్యక్షమైంది. గ్లాసు నీళ్ళలో కాస్త వేసి గిలకొట్టి చూడండి, సబ్బులా నురగొస్తే అది జిడ్డుని తినే మందు కాదు, కరిగించి పక్కింటికి తోసే మందు. బ్యాక్టీరియా ఉన్న మంచివి కూడా దొరుకుతయి, కానీ వాటిని పోసిన పూటే మన క్లీనర్ బ్లీచింగ్ పౌడరో యాసిడో కొడితే అవి చచ్చి ఊరుకుంటయి. కాస్టిక్ సోడా పోయమని చెప్పే ప్లంబర్లు ఇంకా ఉన్నారు, అది జిడ్డుని సబ్బు చేసి అవతల మళ్ళీ గడ్డ కట్టిస్తది, అల్యూమినియం గిన్నె మీద పడితే గిన్నె పోద్ది, చేతి మీద పడితే చెయ్యి పోద్ది.

ఇక నాలుగున్నర స్టార్ల వాళ్ళు. బాండీలో మిగిలిన నూనె సంగతి వేరు, అది సింకులోకి చుక్క కూడా పోకూడదు. నిజం ఒప్పుకోవాలి, ఇంతకుముందు బైకు మీద ఒకాయన వచ్చేవాడు, కిలోకి అరవై ఇచ్చేవాడు, రసీదు లేదు, పేరు లేదు, ఎక్కడికి పోద్దో నేనూ అడగలేదు. అడిగితే తెలిసిపోద్ది కాబట్టి అడగలేదు. నల్లగా మరిగిన నూనెకి అంత ధర ఎవరిస్తారండి, వడకట్టి, కొత్త నూనెలో కలిపి మళ్ళీ ఏ బండి మీదకో వస్తేనే గిట్టుబాటు. మా పిల్లాడు స్కూలు దగ్గర బజ్జీ తిని కడుపునొప్పి అన్నరోజు నాకు ఆ బైకాయన మొహమే గుర్తొచ్చింది, మాదే అయి ఉంటదని కాదు, అయినా గుర్తొచ్చింది.

రూల్స్ చూస్తే, నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ అని ఒకటి కొలుస్తారు, మరిగే కొద్దీ పెరుగుద్ది, 25 శాతం దాటితే వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు 2018 జూలై నుంచి ఉంది. అదే ఏడాది ఆగస్టులో రూకో అని మొదలుపెట్టారు, వాడిన నూనెని బయోడీజిల్‌కి పంపే పథకం. రోజుకి 50 లీటర్లు పైన వేపుడుకి వాడే వాళ్ళయితే రికార్డు రాయాలి, గుర్తింపు ఉన్న వాళ్ళకే ఇవ్వాలి, అది 2019 మార్చి నుంచి. మాది ఇరవై లీటర్లే కాబట్టి రికార్డు బాధ లేదు, అయినా ఇప్పుడు ఆ గుర్తింపు ఉన్న వాళ్ళకే ఇస్తున్నా. 30 లీటర్ల క్యాన్లు రెండు ఊరికే ఇచ్చారు, గరాటుతో సహా, పది రోజులకోసారి వస్తారు, కాటా వేస్తారు, చీటీ ఇస్తారు, సాయంత్రానికి ఫోన్‌పేలో డబ్బులు పడతయి. కిలోకి నలభై చిల్లర. బైకాయన కంటే తక్కువే.

రెండోసారి వచ్చినప్పుడు గొడవ పెట్టుకున్నా. కొత్త నూనె వచ్చిన 15 లీటర్ల డబ్బాలోనే నిండా పోసి ఉంచా ఆరోజు, కాటా పెడితే డబ్బా బరువు పోను పదమూడున్నర చూపించింది. పదిహేనుకి పదమూడున్నరా, కాటా తేడా, నన్ను పల్లెటూరోణ్ణి అనుకుంటున్నారా అని కస్టమర్ల ముందే అరిచా. ఆ కుర్రాడు ఏం మాట్లాడలేదు, లోపలికెళ్ళి మా కొత్త నూనె డబ్బా ఒకటి ఎత్తుకొచ్చి లేబుల్ మీద వేలు పెట్టాడు. 15 లీటర్లు, కింద చిన్న అక్షరాల్లో 13.65 కేజీలు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ డబ్బాలు కొంటున్నా, ఆ లైను ఎప్పుడూ చదవలేదు. టీ తాగి వెళ్ళు తమ్ముడూ అన్నా, ఇంకేమంటా.

అర స్టార్ కోసింది ఎందుకంటే వానాకాలంలో రెండుసార్లు చెప్పిన రోజు రాలేదు, క్యాన్లు నిండిపోయి వంటింట్లో అడుగు పెట్టడానికి లేదు, ఫోన్ చేస్తే "ఆన్ ద వే" అంటారు, ఆ వే ఎక్కడుందో. ఇంకో మాట, నూనెలో నీళ్ళు, పిండి ఉంటే ధర కోస్తారు, దాని మీద నాకు కోపం లేదు, ఎందుకంటే వాళ్ళు ఆ నూనెని మిథనాల్, కాస్టిక్ కలిపి బయోడీజిల్ చేస్తారు, గ్లిజరిన్ పక్కకి పోద్ది, మధ్యలో నీళ్ళు తగిలితే డీజిల్ బదులు సబ్బు అవుద్ది. మా పైపులో అయిందే వాళ్ళ ట్యాంకులోనూ అన్నమాట. అందుకని రాత్రి చల్లారాక మడ్డి అడుగుకి దిగనిచ్చి, పైనది పాత పంచె గుడ్డలో వడకట్టి క్యాన్లో పోస్తాం. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో డీజిల్ ఇంజన్‌ని పల్లీ నూనెతో నడిపి చూపించారంట, మా మాస్టర్‌కి చెప్తే "పల్లీ నూనె రేటు ఇప్పుడు చూస్తే వాళ్ళే ఆపేస్తారు" అన్నాడు. ఒకటి మర్చిపోకండి, గ్రీజ్ ట్రాప్‌లోంచి తీసిన జిడ్డుని వీళ్ళు తీసుకోరు, అది సబ్బు నీళ్ళు కలిసిన మురుగు. బాండీ నూనె వేరు, పెట్టె జిడ్డు వేరు, రెండూ ఒకే క్యాన్లో పోసి మా మాస్టర్ ఒకసారి క్యాను మొత్తం పాడు చేశాడు.

మళ్ళీ పెట్టె దగ్గరికొస్తే, కొనేవాళ్ళు మూత చూసుకోండి. మూతకి వేసే రబ్బరు మామూలుదైతే నూనె తగిలి రెండు నెలలకే ఉబ్బి, గారెలా లావెక్కి మూత పట్టదు, సందులోంచి కంపు హాల్లోకి వస్తది, కస్టమర్ ముందు సాంబారునే అనుమానిస్తాడు. నైట్రైల్ రబ్బరు అని అడిగి వేయించుకోండి, మాకు రెండోసారి అదే వేశారు, ఇప్పటికి అలానే ఉంది. మూత క్లిప్పులు నాలుగిస్తారు, స్ప్రింగులు నాసిరకం, మాకు ఒకటి మూడో నెలలోనే ఊడింది. షాపాయనకి ఫోన్ చేస్తే "పంపిస్తా సార్, రేపు" అన్నాడు, ఆ రేపు ఇంకా రాలేదు, ప్రస్తుతానికి బైండింగ్ వైరుతో కట్టాం. మీ సింకు కొలతలు, రోజుకి ఎన్ని గిన్నెలు తోముతారో కింద రాయండి, పైన చెప్పిన లెక్క వేసి ఎన్ని లీటర్ల పెట్టె కావాలో చెప్తా, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు మధ్యే ఖాళీగా ఉంటా, ఆ తర్వాత పునుగుల టైము.